ఎన్‌ఏసీ మాత్ర: ఎవరికి మందు, ఎవరికి దండగ ఖర్చు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మెడికల్ షాపుల్లో నీళ్లలో వేస్తే బుసబుస పొంగే 600 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి దొరుకుతుంది. కఫం పట్టిన దగ్గుకు డాక్టర్లు రాస్తారు. కిడ్నీ జబ్బుకు ఇచ్చే కొన్ని మాత్రల్లో ఇదే మందు ఇంకోదానితో కలిసి ఉంటుంది. ఫోన్లో వీడియోలు చూసినవాళ్లు మాత్రం ఊపిరితిత్తులు కడిగేస్తుందని, లివర్‌లో విషాలు తీసేస్తుందని, యాంటీఆక్సిడెంట్ కాబట్టి రోజూ ఒకటి వేసుకుంటే మంచిదని చీటీ లేకుండానే కొంటున్నారు. దాని పేరు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. పొట్టిగా ఎన్‌ఏసీ అంటారు.

ఇది ప్రాణాలు నిలబెట్టే మందు. సమయానికి పడితే పాడైపోబోతున్న లివర్‌ను కాపాడుతుంది. అలాంటి మందును బలం మాత్రల్లో కలిపేసి అమ్మడం, అసలు అవసరమైన రోజున దాని సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తాయి. ఒడిశా పక్కన ఉండే మన తెలుగు ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. డాక్టరు ఒడియాలోనో హిందీలోనో చెబుతారు, పట్టీ మీద అంతా ఇంగ్లీషులో ఉంటుంది, మాత్ర వేసుకోవాల్సిన పెద్దావిడకు తెలుగు తప్ప రాదు. అందుకే వరసగా, ఏది ముందు చూడాలో ఏది తర్వాత చూడాలో చెబుతున్నాను.

ఒంట్లో దీని పని ఏమిటి

మన కణాలన్నిటిలో, అన్నిటికంటే ఎక్కువగా లివర్‌లో, గ్లూటాథయోన్ అనే పదార్థం ఉంటుంది. శరీరంలో పుట్టే, బయటి నుంచి వచ్చే హానికర పదార్థాలను పట్టుకుని విరిచేసేది అదే. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో శరీరమే దాన్ని తయారుచేసుకుంటుంది. మూడింటిలో ముందు కొరత వచ్చేది సిస్టీన్‌కే. ఎన్‌ఏసీ ఆ సిస్టీన్‌ను అందిస్తుంది. యాంటీఆక్సిడెంట్‌గా దాని బలం చాలావరకు ఇంతే: తాను నేరుగా పోరాడటం తక్కువ, గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకు ఇవ్వడం ఎక్కువ. నోటితో వేసుకున్న మందులో పదో వంతు కూడా ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి చేరదు. పేగు, లివర్ దాటేలోపే మిగతాది మారిపోతుంది.

రెండో పని కఫం, అంటే గళ్ల మీద. గళ్ల చిక్కగా, తీగలు సాగేలా ఉండటానికి కారణం అందులోని ప్రోటీన్ల మధ్య ఉండే గంధకపు బంధాలు. ఎన్‌ఏసీ వాటిని తెంచుతుంది. గళ్ల పల్చబడి దగ్గితే బయటికి వస్తుంది. అమెరికాలో దీన్ని మందుగా 1963లోనే అనుమతించింది ఈ పనికే.

ఈ రెండు పనులూ గుర్తుంటే మిగతాదంతా సులువు. గ్లూటాథయోన్ బాగా తరిగిపోయిన మనిషికి, గళ్ల చిక్కబడిన మనిషికి దీనివల్ల ఉపయోగం కనిపిస్తుంది. ఏ లోటూ లేని మనిషి రోజూ వేసుకుంటే అదనపు ఆరోగ్యం వస్తుందని చూపే గట్టి ఆధారం లేదు.

1. పట్టీని వెలుతురులో పెట్టి చదవండి

షాపు పేరు, కంపెనీ పేరు పక్కన పెట్టండి. చిన్న అక్షరాల్లో ‘ఎసిటైల్‌సిస్టీన్’ అని ఉందా, ఎన్ని మిల్లీగ్రాములు, ఇంకేం కలిసి ఉంది అన్నది చూడండి. ఇంగ్లీషు చదవలేకపోతే ఇంట్లో బడికి వెళ్లే పిల్లల చేత చదివించండి. తయారీ లైసెన్సు నంబరు ఉంటే అది మందుగా తయారైంది. దానికి బదులు ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు, ‘మందుగా వాడటానికి కాదు’ అన్న మాట ఉంటే అది ఫుడ్ సప్లిమెంట్. డాక్టరు మందు రాస్తే సప్లిమెంట్ డబ్బా చేతికొచ్చిందేమో ఇక్కడే తెలిసిపోతుంది.

పొంగే మాత్రలో సోడియం ఉంటుంది. బీపీ, గుండె నీరసం, కాళ్ల వాపు, కిడ్నీ జబ్బు ఉండి ఉప్పు తగ్గించమన్న వాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పి, పొంగని రకం ఉందేమో అడగాలి. కూరలో ఉప్పు మానేసి, మాత్రలో సోడియం రోజుకు రెండుసార్లు తాగితే పడ్డ కష్టమంతా వృథా.

ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకున్నవాళ్లు బయట కొనేముందు అక్కడి నిరామయ కౌంటర్లో ఒకసారి అడగండి. ఒడిశాలో 2015 నుంచి నడుస్తున్న ఉచిత మందుల పథకం అది.

2. ఎందుకు, ఎన్ని రోజులు: ఈ రెండూ అడక్కుండా లేవొద్దు

ఒడియా డాక్టరు దగ్గర భాష రాక టెన్షన్ పడేవాళ్లు ‘ఏ ఔషధ కాహింకి? కేతే దిన?’ అంటే చాలు. ఈ మందు ఎందుకు, ఎన్ని రోజులు అని అడిగినట్టే. జవాబును చీటీ మీదే రాయించుకోండి.

మామూలు జలుబు దగ్గుకైతే కొద్ది రోజుల మాటే. ఎన్నో ఏళ్లుగా ఆయాసం, గళ్లతో బాధపడే సీఓపీడీకి అయితే నెలల తరబడి రాస్తారు. కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా ఊదిన ఆడవాళ్లకు, చుట్ట, బీడీ కాల్చినవాళ్లకు మన వైపు ఎక్కువగా వచ్చేది ఈ జబ్బే. దీనిమీద పరీక్షలు బాగానే జరిగాయి, ఫలితాలు మాత్రం ఒకేలా లేవు. యూరప్‌లో 523 మందికి మూడేళ్లపాటు రోజుకు 600 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల శక్తి తగ్గిపోవడం ఆగలేదని 2005లో తేలింది. చైనాలో రోజుకు రెండుసార్లు 600 చొప్పున ఏడాదిపాటు ఇచ్చిన చోట, జబ్బు ఉన్నట్టుండి ముదిరి ఆయాసం పెరిగే సందర్భాలు తగ్గాయని 2014లో వచ్చింది. జబ్బు ఇంకా మొదటి దశల్లో ఉన్నవాళ్ల మీద చేసిన తర్వాతి పరీక్షలో ఆ లాభం కూడా కనబడలేదు. కాబట్టి మాటిమాటికీ ఆయాసం ముదిరే మనిషికి ఇది ఇన్‌హేలర్‌కు తోడుగా పనికిరావచ్చు. ఇన్‌హేలర్ మానేసి దీన్ని పట్టుకుంటే మాత్రం మోసపోయినట్టే. మన ఇళ్లలో ఇన్‌హేలర్ అంటే అలవాటైపోతుందన్న భయం ఇంకా ఉంది. ఆ భయం వల్లే చాలామంది మాత్రను ఎంచుకుంటున్నారు. దయచేసి అలా చేయకండి.

ఊపిరితిత్తులు గట్టిపడే ఐపీఎఫ్ అనే జబ్బుకు ఒకప్పుడు ఎన్‌ఏసీని నమ్మకంగా ఇచ్చేవారు. 2014లో వచ్చిన పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా తేలలేదు. పాత చీటీ పట్టుకుని ఇంకా అదే కొనుక్కుంటున్నవాళ్లు ఒకసారి ఛాతీ డాక్టరుకు చూపించాలి.

3. మొదలుపెట్టే ముందు ఆగి చూసుకోవాల్సినవి

దగ్గు రెండు వారాలు దాటిందా? సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గళ్లలో రక్తపు చార ఉన్నాయా? అయితే మాత్ర సంగతి తర్వాత, ముందు టీబీ పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ల పరీక్ష ఉచితం, తేలితే మందులూ ఉచితం. గళ్ల పల్చబడి కాస్త తేలిగ్గా అనిపించేసరికి పరీక్ష వాయిదా పడిపోతుంది. అంతలో అదే గదిలో పడుకునే పిల్లలకు అంటుకుంటుంది.

ఆస్తమా ఉన్నవాళ్లకు ఎన్‌ఏసీ పడక ఊపిరి బిగుసుకోవచ్చు. ముఖ్యంగా నెబ్యులైజర్‌లో పోసి పీల్చినప్పుడు. ఇంట్లో మిషన్ ఉంది కదా అని ఎవరో చెప్పిన ఆంపూల్ తెచ్చి అందులో పోయకండి.

గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ జాతి మందులు వాడేవాళ్లు దీన్ని సొంతంగా వేసుకోకూడదు. రెండూ కలిస్తే బీపీ బాగా పడిపోయి, తల పగిలిపోయేంత నొప్పి రావచ్చు.

దగ్గును అణిచే సిరప్, అంటే కోడీన్ గానీ డెక్స్‌ట్రోమెథార్ఫాన్ గానీ ఉన్నది, దీంతో కలిపి తాగకూడదు. ఒకటి గళ్లను పల్చన చేసి బయటికి పంపాలని చూస్తుంది. ఇంకొకటి దగ్గే రాకుండా ఆపుతుంది. గళ్ల లోపలే నిలిచిపోతుంది. మంచం మీదున్న ముసలివాళ్లకు ఇది ప్రమాదం. యాంటీబయాటిక్ కూడా ఉంటే రెండింటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.

కడుపులో పుండు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు చెబితేనే వాడాలి. రెండేళ్లలోపు పిల్లలకు గళ్లను కరిగించే మందులు ఏవీ ఇంట్లో ఇవ్వకూడదు. వాళ్లకు దాన్ని దగ్గి బయటికి తెచ్చే బలం ఉండదు.

4. కలపడం, తాగడం

పొంగే మాత్రను నమలకూడదు, నాలుక మీద పెట్టుకుని చప్పరించకూడదు. అర గ్లాసు మామూలు నీళ్లలో వేయండి. పొంగంతా అణిగి, అడుగున పలుకు లేకుండా కరిగాక వెంటనే తాగేయండి. పట్టీ విప్పగానే కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన కొడుతుంది. మందు పాడైపోయిందని చాలామంది పారేస్తారు. అది గంధకం వాసన, ఈ మందు స్వభావమే అంత. మాత్ర మెత్తబడి, రేకు ఉబ్బి, నీళ్లలో వేసినా పొంగకపోతే అప్పుడు పాడైనట్టు. మన వైపు వానాకాలం తేమకు ఇది తొందరగా జరుగుతుంది. పట్టీని వంటగది గూట్లో పెట్టకుండా మూత బిగిసే డబ్బాలో పెట్టుకోండి. వేసుకునే నిమిషం వరకు రేకు చింపొద్దు.

భోజనం తర్వాత వేసుకుంటే వికారం తక్కువ. కఫానికైతే పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 600 మిల్లీగ్రాములు. అంతకు మించి డాక్టరు చీటీ మీదే. మాత్ర వేసుకున్నాక మొదటి ఒకటి రెండు రోజులు గళ్ల ఎక్కువైనట్టు అనిపిస్తుంది. లోపలున్నది కదిలి వస్తోందన్నమాట. కూర్చోబెట్టి, వీపు నిమిరి, దగ్గి ఉమ్మేయనివ్వండి. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, పిల్లికూతలు వస్తే మాత్రం మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

5. పారాసిటమాల్ ఎక్కువైతే: అన్నిటికంటే ముఖ్యమైన సంగతి

ఈ భాగం మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

జ్వరానికి వేసుకునే పారాసిటమాల్‌ను లివర్ విరిచేటప్పుడు కొద్దిగా ఒక విషపదార్థం పుడుతుంది. మామూలు మోతాదులో గ్లూటాథయోన్ దాన్ని అప్పటికప్పుడు పట్టేసుకుంటుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ ఖర్చయిపోతుంది, ఆ విషం లివర్ కణాల మీదే పడుతుంది. అప్పుడు ఎన్‌ఏసీ ఇస్తే గ్లూటాథయోన్ మళ్లీ తయారవుతుంది. ఎడిన్‌బరోలో లారీ ప్రెస్కాట్ బృందం 1970ల్లో దీన్ని సెలైన్‌లో ఎక్కించి ఫలితం చూపించింది. నేటికీ ప్రపంచమంతటా ఈ విషానికి విరుగుడు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఎన్‌ఏసీ విరుగుడుగానే ఉంది.

తెలిసి మింగినప్పుడే ఇలా జరుగుతుందనుకోవద్దు. వానాకాలం జ్వరాల్లో తెలియకుండానే మోతాదు దాటిపోతుంది. లెక్క వేసి చూడండి. జ్వరానికి 650 మాత్ర రోజుకు నాలుగుసార్లు: 2,600 మిల్లీగ్రాములు. జలుబు మాత్ర మూడుపూటలా, ఒక్కోదాంట్లో 500 చొప్పున: 1,500. మోకాళ్ల నొప్పుల మాత్ర రెండుపూటలా, అందులో 325 చొప్పున: 650. మొత్తం 4,750. పెద్దవాళ్లకు రోజుకు దాటకూడని హద్దు 4,000. మూడు పట్టీల మీదా మూడు పేర్లు, మూడింటిలోనూ పారాసిటమాలే. రోజూ తాగే అలవాటున్నవాళ్లకు, తిండి లేక బక్కచిక్కినవాళ్లకు హద్దు ఇంకా తక్కువ. జ్వరం వచ్చిన ఇంట్లో అన్ని పట్టీలూ ఒక పళ్లెంలో పెట్టి, ‘పారాసిటమాల్’ అన్న మాట ఎన్నింటి మీద ఉందో వెతకడం ఐదు నిమిషాల పని.

ఎక్కువ పడిందని తెలిసిన మరుక్షణం 108కి ఫోన్ చేయండి, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనిషి బాగానే ఉన్నాడు కదా అని ఆగొద్దు. మొదటి రోజు వికారం, వాంతి తప్ప ఏమీ ఉండకపోవచ్చు. రెండో రోజు నెమ్మదించినట్టు కూడా కనిపిస్తుంది. లివర్ దెబ్బతిన్న సంగతి బయటపడేది ఆ తర్వాత. ఎనిమిది గంటల్లోపు ఎన్‌ఏసీ మొదలైతే లివర్ దాదాపుగా కాపాడినట్టే. ఆలస్యమైనా ఉపయోగం ఉంటుంది కాబట్టి ఇప్పుడు వెళ్లి ఏం లాభమని మానుకోవద్దు.

వెళ్లేటప్పుడు ఖాళీ పట్టీలన్నీ సంచిలో వేసుకోండి. ఎప్పుడు మింగారో, మనిషి బరువెంతో చెప్పండి. మందు లెక్క బరువును బట్టి ఉంటుంది. సెలైన్‌లో అయితే దాదాపు 21 గంటలు మూడు విడతలుగా ఎక్కిస్తారు. నోటితో ఇచ్చే పద్ధతి మూడు రోజులు సాగుతుంది. ఎక్కిస్తుండగా దురద, ఒళ్లు ఎర్రబడటం కనిపిస్తే నర్సుకు చెప్పండి. వేగం తగ్గించి, కావాలంటే మందు ఇచ్చి మళ్లీ కొనసాగిస్తారు. భయపడి సూది పీకించేయకండి. దగ్గరి ఆసుపత్రిలో ఈ మందు లేదంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి గానీ కొరాపుట్ మెడికల్ కాలేజీకి గానీ వెంటనే మాట్లాడి పంపమని అడగండి. ఇంట్లో ఉన్న పొంగే మాత్రలు నాలుగు కరిగించి తాగించి ఊరుకోవడం వైద్యం కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. సలహాకు మీరైనా, మీ ఊరి డాక్టరైనా ఫోన్ చేయవచ్చు.

ఎలుకల పేస్టు తిన్న కేసుల్లోనూ ఇదే తొందర కావాలి. అందులోని పసుపు భాస్వరానికి విరుగుడంటూ లేదు. డాక్టర్లు మిగతా వైద్యంతో పాటు ఎన్‌ఏసీ కూడా ఇస్తారు. అక్కడా మొదటి రోజు మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు.

ప్రాణం తీసుకోవాలని మింగిన బిడ్డనైనా, కోడలినైనా ఆసుపత్రికి చేర్చేటప్పుడు పరువు, పోలీసు కేసు అని ఒక్క నిమిషం కూడా వెనకాడవద్దు. కోలుకున్నాక తిట్టకుండా పక్కన కూర్చోండి. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

6. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకు

ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా. ఉద్దానం కిడ్నీ జబ్బు భయం సరిహద్దుకు రెండు వైపులా ఉంది. అందుకే ‘కిడ్నీని కాపాడే యాంటీఆక్సిడెంట్’ అనే మాటకు ఇక్కడ గిరాకీ ఎక్కువ. టారిన్ అనే ఇంకో పదార్థంతో కలిపిన ఎన్‌ఏసీ మాత్రలు చాలామంది నెలనెలా కొంటున్నారు. డాక్టరు రాసి ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు. కానీ డబ్బు చాలక ఏదో ఒకటి మానుకోవాల్సి వస్తే, బీపీ మందు, షుగరు మందు, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష మానుకుని దీన్ని కొనకండి. కిడ్నీ పాడవడాన్ని నెమ్మదింపజేస్తుందని గట్టిగా రుజువైనవి బీపీ, షుగరు అదుపే. నొప్పి మాత్రలు మానేయడం, పొలంలో ఎండకు పనిచేసేటప్పుడు నీళ్లు తాగడం కూడా చేయాల్సినవే. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, ఒడిశాలో వాడుతున్న పట్టీలన్నీ వెంట తీసుకెళ్లి ఏది ఉంచాలో ఏది తీసేయాలో అక్కడే తేల్చుకోండి.

యాంజియోగ్రామ్, రంగుమందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ స్కాన్ ముందు కిడ్నీకి దెబ్బ తగలకుండా ఎన్‌ఏసీ ఇచ్చే అలవాటు 2000 ప్రాంతంలో ఒక చిన్న పరీక్షతో మొదలైంది. 2018లో సుమారు 5,000 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో దానివల్ల లాభం లేదని తేలింది. స్కాన్ రోజు మాత్ర ఇవ్వలేదని కంగారు పడనక్కరలేదు.

7. చుట్ట మానకుండా మాత్ర వేసుకునేవాళ్లకు

శ్రీకాకుళం నుంచి గంజాం దాకా పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పున్న కొనను నోట్లోకి పెట్టుకుంటారు. అంగిలి మీద తెల్లటి మచ్చలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు వస్తాయి. కొందరికి అదే క్యాన్సర్‌గా మారుతుంది. అలాంటి పెద్దమ్మకు కొడుకు వైజాగ్ నుంచి యాంటీఆక్సిడెంట్ డబ్బా పంపి, ఇక పొగ హాని తగ్గిపోతుందనుకోవడం చాలా ప్రమాదం.

ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి చూశారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైందని 1994లో బయటపడింది. ఎన్‌ఏసీ మీద మనుషుల్లో అలాంటి ఫలితం రాలేదు. అయితే అప్పటికే గడ్డలున్న ఎలుకలకు ఇస్తే ఊపిరితిత్తుల గడ్డలు వేగంగా పెరిగాయని 2014లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. క్యాన్సర్ ఉన్నవాళ్లు, కీమో, రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లు వాళ్ల డాక్టరును అడక్కుండా ఏ యాంటీఆక్సిడెంట్ మాత్రా వేసుకోకూడదు. పెద్దమ్మను ముందు పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అంగిలి చూపించండి. చుట్ట మానిపించండి. మాత్ర డబ్బులు దానికి ఖర్చు పెట్టండి.

8. ఇంకా దేనికి చెబుతారు

పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి సరిగా రాని జబ్బు ఉన్న ఆడపిల్లలకు గర్భం కోసం కొందరు డాక్టర్లు ఇస్తారు. ఆశ కలిగించే చిన్న చిన్న పరీక్షలున్నాయి, అంతే. జుట్టు పీక్కునే జబ్బుకు పెద్దవాళ్లలో 2009లో మంచి ఫలితం వచ్చింది. పిల్లల్లో రాలేదు. కొరాపుట్, రాయగడ వైపు కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకు ఆరు నెలలు ఇచ్చి చూసినా నొప్పి రోజులు తగ్గలేదు. అక్కడ హైడ్రాక్సీయూరియా అనే మందునే నమ్ముకోవాలి. పెళ్లికి ముందు తెల్లబడతారని ఎక్కించే గ్లూటాథయోన్ ఇంజెక్షన్లను చర్మం రంగు కోసం అమెరికా మందుల సంస్థ ఎన్నడూ అనుమతించలేదు. ఆ సూది వేయించుకోవద్దని మీ ఇంటి ఆడపిల్లలకు గట్టిగా చెప్పండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కావలసిన సిస్టీన్ తిండిలోనే దొరుకుతుంది: గుడ్డు, చేప, పెరుగు, ఉలవలు, కందిపప్పు, ఉల్లి, వెల్లుల్లి. పప్పు లేకుండా అంబలితో సరిపెట్టే ఇంట్లో నెలకొక మాత్రల డబ్బా కొనేకంటే ఆ డబ్బుతో గుడ్లు కొనడం మేలని నా గట్టి అభిప్రాయం.

9. చీటీ, పట్టీ, తేదీ

మొదలుపెట్టిన తేదీని పట్టీ మీద పెన్నుతో రాయండి. కఫానికైతే చెప్పిన రోజులు కాగానే ఆపండి. సీఓపీడీకైతే ఆయాసం ముదిరి ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఏడాదికి లెక్క తగ్గకపోతే కొనసాగించాలా అని డాక్టరును అడగండి. షుగరు రోగులకు మూత్రంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే పదార్థాలు) చూసేటప్పుడు ఎన్‌ఏసీ వల్ల లేని కీటోన్లు ఉన్నట్టు తేలవచ్చు. శాంపిల్ ఇచ్చేముందే ఈ మాత్ర వాడుతున్నామని ల్యాబులో చెప్పండి. బరంపురంలో ఒక డాక్టరు, వైజాగ్‌లో ఇంకో డాక్టరు చూస్తున్నవాళ్లు రెండు చీటీలూ ఒకే ఫైల్లో పెట్టుకుని ఇద్దరికీ చూపించండి.